రెండు తోకలవి

సీసాలో వేసే చీటీని పెన్నుతో రాస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. స్పిరిట్‌లో సిరా కరిగిపోయి చీటీ తెల్లమొహం వేస్తుంది. ఆ పురుగులు ఏ వాగువో, ఏ రోజు పట్టినవో ఇక ఎవరూ చెప్పలేరు. పెన్సిలుతో రాయాలి, చీటీ సీసా లోపల వేయాలి, మూత బిగించాలి. ఇంతోటి సంగతి కొత్తగా చేరినవాళ్ళకు చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. వాగులను పరీక్షించే మా ఆఫీసులో నా వెనకాల నన్ను పెన్సిలమ్మ అంటారని తెలుసు. అననీ, నాకేం.

మా బావ, అంటే అక్క మొగుడు, ఇరవై ఏళ్ళలో ఒక్క తప్పు చీటీ తేలేదు. వాగుల్లో దిగి పురుగులు పట్టి తేవడం అతని ఉద్యోగం. ప్రవాహానికి అడ్డంగా వల నిలబెట్టి, దానికి ఎగువన మూడు నిమిషాలు బూటుకాళ్ళతో రాళ్ళను కలియదొక్కితే, వాటి అడుగున దాక్కున్న పురుగులన్నీ కొట్టుకొచ్చి వలలో పడతాయి. వాటిని తెల్లటి ట్రేలో కడిగి, పుల్లా పుడకా ఏరిపారేసి, సీసాలో పోసి స్పిరిట్ నింపుతాడు. ఆ సీసా నా బల్ల మీదికి వస్తుంది. నేను మైక్రోస్కోపు కింద రకాలవారీగా విడదీసి లెక్కపెడతాను. నీళ్ళలో ముంచే పరికరం ఆ పూట సంగతి చెబుతుంది, పురుగులైతే ఏడాది పొడుగునా ఏం జరిగిందో చెబుతాయి. ఈ మాట నాది కాదు, మా అక్కది. నేను కూర్చునే కుర్చీ కూడా అక్కదే.

మూడేళ్ళ కిందట పిడుగు పడి పై అడవి తగలబడింది. ఆ రోజు వాగుకు వెళ్ళాల్సింది బావ. పన్ను నొప్పితో బుగ్గ బూరెలా వాచి పడుకుని ఉంటే, ఒక్క సీసాయేగా, నేను వెళ్ళొస్తాలే అని అక్క వల భుజాన వేసుకుని బయల్దేరింది. మధ్యాహ్నం గాలి మళ్ళి మంట వాగు మీదికి వచ్చింది. మర్నాడు పెద్ద బండ కింద మడుగులో ఆమెను కనుక్కున్నారు. ఒంటిమీద ఒక్క బొబ్బ కూడా లేదు. నీళ్ళలో పడుకుంటే మంట అంటలేదు గానీ పొగ వదల్లేదు.

ఆ రోజు నుంచి బావ నన్ను ఏడిపించడం మానేశాడు. అంతకుముందు నన్ను ఉడికించకపోతే అతనికి పొద్దు గడిచేది కాదు. నన్ను చూసుకోవడానికి వచ్చిన పెళ్ళికొడుకు నా నోటికి జడిసి చెప్పులు వదిలేసి పారిపోయాడని, ఆ చెప్పులు ఇప్పటికీ తనే తొడుక్కుంటున్నానని నలుగురిలో అనేవాడు. చేతిలో ఏదుంటే అది విసిరేదాన్ని. ఇప్పుడు ఎదురుపడితే తిన్నావా అని అడుగుతాడు, అంతే. నేనే పనిగట్టుకుని కయ్యానికి కాలుదువ్వినా పలకడు. అమ్మానాన్నలు ఎప్పుడో పోయారు, అక్క ఇలా పోయింది. నాకంటూ మిగిలింది ఈ ఒక్క మనిషి, అతనేమో ఉన్నాడన్న మాటే గానీ లేడు.

అడవి కాలితే వాగు కాలినట్టే. మొదటి వానకే కొండమీది బూడిదంతా దిగొచ్చి రాళ్ళ సందులు పూడిపోయాయి. నీడనిచ్చే చెట్టు లేక నీళ్ళు వేడెక్కాయి. మొదటి ఏడాది సీసాల్లో నల్లబురద తప్ప ఏమీ లేదు. తర్వాత ఎర్రపురుగులు వచ్చాయి. వాటికి సిగ్గూ శరం లేదు, మురికిగుంటలో అయినా కాపురం పెట్టేస్తాయి. వాటి వెనక నల్ల ఈగల పిల్లలు, ఆ వెనక మూడు తోకలవి, ఇసుక రేణువులతో ఒంటిచుట్టూ గూడు కట్టుకునే గూటిపురుగులు నాలుగైదు. కాగితం మీద వాటి లాటిన్ పేర్లే రాస్తాను గానీ మేం పిలుచుకునేవి అక్క పెట్టిన పేర్లే. రానిది ఒక్కటే, రెండు తోకలది. దానికి నీళ్ళు చల్లగా ఉండాలి, పారుతూ ఉండాలి, రాళ్ళ సందున బురద ఉండకూడదు. అన్నీ అమరితే గానీ అడుగుపెట్టదు. మహా పట్టింపుల మనిషి, అచ్చం మా చెల్లెలే అనేది అక్క.

అక్క పుస్తకాల్లో పన్నెండేళ్ళ లెక్క ఉంది, అంతా పెన్సిలే. మంటకు ముందు ఆఖరి వసంతంలో, మడుగు దిగువన పట్టిన సీసాలో రెండు తోకలవి యాభై ఎనిమిది. ఆ అంకె నాకు కంఠతా వచ్చు.

ఆఫీసు పెట్టుకున్న లెక్క ప్రకారం రెండు తోకలవి తిరిగొస్తే వాగు కోలుకున్నట్టు. అప్పుడు పరీక్షలు ఆపేస్తారు. అడవి దారికి వేసిన గేటు మూసేసి, ఇరవై ఏళ్ళపాటు మనిషి కాలు పెట్టకుండా ఆ కొండను దాని మానాన వదిలేస్తారు. ఆ గేటుకు కాపలాదారు ఉన్నా తాళంచెవి మాత్రం బావ చొక్కా జేబులో ఉండేది. ఏడాదికి నాలుగుసార్లు వెళ్ళాల్సినవాడు నెలకు నాలుగుసార్లు వెళ్ళేవాడు. అడిగితే నీటిమట్టం చూసొచ్చానని నీళ్ళు నమిలేవాడు. మడుగు పక్కన కూర్చుని వస్తాడని ఆఫీసులో అందరికీ తెలుసు, ఎవరూ ఏమీ అనలేదు. నేను మాత్రం మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆ దారి తొక్కలేదు. నావల్ల కాదు.

కిందటి వసంతంలో రెండు తోకలవి సున్నా వచ్చాయి. ఇంకో ఏడాది చూద్దామని గడువు పెంచారు. ఆ తర్వాతి మూడు సీసాల్లోనూ సున్నాయే. ఈ వసంతపు సీసా రావాల్సిన వారంలో మా ఆఫీసరు నన్ను గదిలోకి పిలిచాడు. ఈసారి గడువు పెంచరట. శుక్రవారానికి లెక్క అందాలి, ఇప్పుడూ సున్నా అయితే వాగు చచ్చిపోయినట్టు రాసేసి, దాన్ని పెద్ద పైపులోకి మళ్ళించి పైన రోడ్డు పోస్తారట. మడుగు రాళ్ళతో పూడ్చేస్తారా అని అడిగాను. తల ఊపాడు. ఆ ముక్క మీ బావకు నువ్వే చెప్పు అంటూ కిటికీలోంచి బయటకు చూశాడు. పెద్దరికమంతా ఇలాంటప్పుడు ఎక్కడికి పోతుందో ఈ మగాళ్ళకు.

బావ సైకిళ్ళ షాపు మీది ఒంటిగదిలో ఉంటాడు. వెళ్ళేసరికి మూడు రోజుల జ్వరంతో దుప్పటి కప్పుకుని మూలుగుతున్నాడు. ఆ మొహం చూశాక పైపు సంగతి చెప్పడానికి నోరు రాలేదు. నువ్వు పడుకో, ఈసారికి నేనే వెళ్ళి సీసా పట్టుకొస్తానన్నాను. అంత జ్వరంలోనూ గబుక్కున లేచి కూర్చున్నాడు. నువ్వొద్దు, నేను లేచాక వెళ్తానని ఒకటే మాట. కొక్కేనికి వేలాడుతున్న చొక్కా వైపు చూస్తున్నాడు. నేను అక్కడికి వెళ్తే తట్టుకోలేనని బెంగపడుతున్నాడనుకున్నాను. చొక్కా జేబులోంచి తాళంచెవి తీసుకుని, మాత్ర అతని చేతిలో పెట్టి మెట్లు దిగాను. పైనుంచి నన్ను పిలుస్తూనే ఉన్నాడు.

ఆఫీసు జీపు గేటు దగ్గర దింపింది. అక్కడి నుంచి అరగంట నడక. చెట్లన్నీ నల్లగా, కొమ్మల్లేకుండా నిలబడే ఉన్నాయి. వాటి కాళ్ళ దగ్గర మోకాలెత్తు పచ్చగడ్డి, పసుప్పచ్చ పూలు. ఆ పూలను చూస్తే నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. మడుగు వైపు చూడకుండా, తల వంచుకుని దిగువకు నడిచి, వల విప్పుదామని ఒక బండమీద చెయ్యి వేశాను. చేతికి ఏదో గరగరా తగిలింది.

బండ నిండా కుబుసాలు. బొటనవేలి గోరంత పొడుగున్నవి, వీపు నిలువునా చీలి, లోపలి పురుగు రెక్కలొచ్చి ఎగిరిపోగా మిగిలిన ఉత్త తోళ్ళు. ఒక్కొక్కదానికి వెనకాల దారాల్లాంటి తోకలు. రెండే. ఆ ఒక్క బండమీదే నలభై దాకా ఉన్నాయి. మళ్ళీ చల్లబడ్డ నీళ్ళలోకి వంగి ఒక రాయి తిరగేశాను. చదునుగా అతుక్కుని ఉన్న పిల్లపురుగులు వెలుతురుకు బెదిరి అంచుకు పరుగెత్తాయి. ఆ ఒక్క రాయికే ఏడు. మైక్రోస్కోపు కింద చచ్చి పడున్నవాటిని చూడటమే గానీ, అవి పరుగెత్తడం చూసి ఎన్నేళ్ళయిందో. వచ్చాయే అక్కా అని పైకే అన్నాను, పిచ్చిదానిలా.

ఆ సంతోషం అయిదు నిమిషాలు నిలిచిందేమో. అంత పెద్దవి కావాలంటే అవి ఏడాదికి పైగా నీళ్ళలో పెరిగి ఉండాలి. అంటే కిందటి వసంతంలో ఉన్నాయి. ఆ తర్వాత వచ్చిన మూడు సీసాల్లోనూ ఉండి తీరాలి. బియ్యపుగింజలో సగం ఉండే మూడు తోకలవి వలలో పడి, వీటిలో ఒక్కటంటే ఒక్కటి పడకుండా ఎలా ఉంటుంది? పట్టాక ట్రేలోంచి పుల్లా పుడకా ఏరిపారేసేది ఒక్కడే. వాటితోపాటు ఇంకేం ఏరాడో అప్పుడు తెలిసింది. అక్క కుర్చీలో కూర్చుని, అక్క పుస్తకంలో, అక్క రాసిన అంకెల కింద, నా చేత్తో నాలుగు అబద్ధాలు రాయించాడు. వల విప్పలేదు. గుప్పెడు కుబుసాలు చేతిరుమాలులో మూటగట్టుకుని తిరిగొచ్చేశాను.

గదిలోకి వెళ్ళి ఆ మూట అతని మంచం మీద విప్పాను. బావ వాటిని చూశాడు. ఇవేంటని కూడా అడగలేదు.

"చంపలేదు," అన్నాడు. "ఒక్కదాన్ని కూడా చంపలేదు. ఏరి మళ్ళీ నీళ్ళలోనే వదిలేశాను."

నేను ఒంటికాలి మీద లేచాను. కింద షాపులో సుత్తి చప్పుడు ఆగిపోయేంతగా అరిచాను. దొంగ అన్నాను. అక్క పన్నెండేళ్ళ కష్టాన్ని బురదపాలు చేశావన్నాను. ఆమె బతికుంటే నీ మొహం కూడా చూసేది కాదన్నాను. అనకూడని మాట అది, అంటుండగానే తెలుసు, అయినా అన్నాను. నా ఊపిరి అయిపోయాక అప్పుడు మాట్లాడాడు.

"అన్నీ వచ్చేస్తున్నాయి చిన్నమ్మాయ్. గడ్డి వచ్చింది, పిట్టలొచ్చాయి, ఈ దిక్కుమాలిన పురుగులూ వచ్చాయి. రానిది ఒక్క మీ అక్కే. అంతా బాగైపోయిందని నేను సంతకం పెట్టి, తాళంచెవి ఇచ్చేసి రావాలా?"

నన్ను చిన్నమ్మాయ్ అని పిలిచి మూడేళ్ళయింది. కోపం ఎటు పోయిందో పోయింది, మంచం పట్టెమీద కూలబడ్డాను. ఆ రోజు నీకు పన్ను నొప్పి రావడం నీ తప్పు కాదు బావా అని ఎన్నోసార్లు చెప్పాలనుకున్న మాట అప్పుడు కూడా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. చెప్పాల్సింది ఇంకొకటి ఉంది మరి. పైపు సంగతి చెప్పాను.

అతనికి తెలియదు. పోయినసారి పెంచారుగా, ఇప్పుడూ ఇంకో ఏడాది పెంచుతారనుకున్నానని గొణిగాడు. సున్నా వచ్చినన్నాళ్ళు వాగు దగ్గరికి వెళ్ళొచ్చనుకున్నాడు, పాపం. చాలాసేపు ఆ కుబుసాలను వేలితో అటూ ఇటూ జరిపాడు.

"మడుగు మీదనుంచేనా?" అని అడిగాడు.

"మడుగు మీదనుంచే," అన్నాను.

గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను ఏడ్చాను. దాచుకునే ఏడుపు కాదు, చిన్నపిల్లలా ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చాను. లెక్క సరిగ్గా రాస్తే గేటు మూసేస్తారు. తప్పు రాస్తే అక్క చనిపోయిన చోటు మీద లారీలు తిరుగుతాయి. ఎటు చూసినా ఇతనికి మిగిలేది లేదు.

గురువారం ఇద్దరం వెళ్ళాం. జ్వరం తగ్గినా అడుగు తీసి అడుగు వేయలేకపోతున్నాడు. వల నేను మోశాను. మడుగు దాటుతుంటే ఈసారి చూశాను. నీళ్ళు అద్దంలా తేటగా ఉన్నాయి, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టొచ్చు. అక్కడ ఏమీ లేదు. ఏముంటుందనుకున్నానో మరి. బావ ఆగలేదు, నేరుగా దిగువకు వెళ్ళి నీళ్ళలో దిగాడు. నేను గడియారం చూస్తుంటే మూడు నిమిషాలు రాళ్ళు తొక్కాడు. వల ఎత్తి ట్రేలో బోర్లిస్తే, తెల్లటి అడుగు నిండా బిలబిలమంటూ అవే. అలవాటు చొప్పున అతని వేళ్ళు ఒకదాన్ని పట్టి పైకెత్తాయి. అలాగే ఆగిపోయాయి.

"ఎన్ని కావాలి?" అన్నాడు, నావైపు చూడకుండా.

వలలో పడ్డవన్నీ అన్నాను. మీ ఆవిడైతే ఏమనేదో నీకు తెలియదా అని కూడా అన్నాను. పట్టుకున్నదాన్ని ట్రేలో వదిలాడు. పుల్లలు మాత్రమే ఏరి, అన్నిటినీ సీసాలో పోశాడు. స్పిరిట్ డబ్బా ఇటివ్వు, నేను పోస్తానంటే ఇవ్వలేదు. తనే పోశాడు. అవి ఒక్కసారి గిలగిల్లాడి, ఒళ్ళు ముడుచుకుని, రెండు తోకలూ విడదీసుకుని నెమ్మదిగా అడుక్కి దిగాయి. వాగు బతికుందని చెప్పడానికి వాటిని చంపక తప్పదు. ఇన్నేళ్ళుగా ఆ సీసాలు తెరుస్తున్నాను గానీ లోపలివి చావడం నేను ఎప్పుడూ చూడలేదు. బావ ఆఖరిది కదలడం మానేదాకా చూసి, పెన్సిలుతో చీటీ రాసి లోపల వేసి, మూత బిగించాడు.

మడుగు దగ్గర కూర్చుంటావా అని అడిగితే వద్దన్నాడు. తాళంచెవి అప్పుడే ఇవ్వక్కర్లేదు, లెక్క తేలాక ఇద్దువుగాని అన్నాను. లెక్క తేలేదేముంది అని గేటు దగ్గర కాపలాదారుకు ఇచ్చేశాడు. తిరిగొచ్చేటప్పుడు జీపులో అతని చెయ్యి రెండుసార్లు చొక్కా జేబు మీదికి వెళ్ళింది.

శుక్రవారం పొద్దున నేను సీసా తెరిచేసరికి బావ వచ్చి నా పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అక్క పోయాక ఆ గదిలో అతను కూర్చోవడం అదే మొదటిసారి. ముందు పుస్తకంలో పాత సున్నాలు నాలుగింటి పక్కనా ఇది నమ్మదగిన లెక్క కాదని రాశాను. ఆఫీసరుకిచ్చే కాగితంలో, రకాలు విడదీసేటప్పుడు నేనే సరిగ్గా చూసుకోలేదని రాసి సంతకం పెట్టాను. బావ అడ్డుపడబోతే నోరు మూసుకోమన్నాను. పెన్సిలమ్మ కూడా తప్పులు చేస్తుందని ఇక ఆఫీసంతా పండగ చేసుకుంటుంది. చేసుకోనీ.

తర్వాత లెక్క మొదలుపెట్టాను. చిమటాతో ఒక్కొక్కదాన్నీ పక్కకు జరపడం, నొక్కినప్పుడల్లా ఒకటి పెరిగే లెక్కమీటను ఎడమచేత్తో నొక్కడం. గదిలో ఆ టిక్కు టిక్కు తప్ప ఇంకో చప్పుడు లేదు. రెండు గంటలు పట్టింది. మీట మీది అంకెను నేను చదవక్కర్లేకుండా బావే వంగి చూశాడు. ఎనభై ఒకటి.

అక్క పుస్తకం దగ్గరికి లాక్కుని పేజీలు వెనక్కి తిప్పాడు. ఆమె రాసిన ఆఖరి వసంతం దగ్గర ఆగాడు. యాభై ఎనిమిది మీద వేలు పెట్టాడు.

"అంటే, తను ఉన్నప్పటికంటే ఎక్కువే," అన్నాడు.

దానికి జవాబుంది. చెట్లు పోయి రాళ్ళమీద ఎండ పడితే పాచి ఎక్కువ పెరుగుతుంది, తిండి దొరికి పురుగులూ కొన్నేళ్ళు ఎక్కువవుతాయి, నీడ తిరిగొచ్చాక తగ్గుతాయి. అక్కే నాకు నేర్పిన పాఠం. అది చెప్పకుండా పెన్సిలు అందుకున్నాను. యాభై ఎనిమిది ఉన్న గడి వరసలోనే కింద పెన్సిలుతో ఎనభై ఒకటి వేశాను.

లెక్క కాగితం అతని ముందు పెట్టాను. వాగు కోలుకుంది అని అచ్చేసిన మాట కింద, పట్టినవారి సంతకం అన్న చోట గీత ఉంది. ఎక్కడ పెట్టాలని అడిగాడు. ఇరవై ఏళ్ళుగా పెడుతున్న చోటే, తెలియక కాదు. వేలితో చూపించాను. చొక్కా జేబులో చెయ్యి పెట్టి కాసేపు వెతుక్కుని, చిన్న పెన్సిలు ముక్క బయటకు తీశాడు.

"సంతకం పెన్నుతో పెట్టాలి బావా," అని నా పెన్ను అతని చేతికిచ్చాను.